స్టాటిక్ రూట్‌లో నెక్స్ట్ హాప్ ఇవ్వాలా, ఇంటర్‌ఫేస్ ఇవ్వాలా?

సిస్కో రౌటర్లలో స్టాటిక్ రూట్ (ఒక నెట్‌వర్క్‌కు మనమే చేత్తో రాసిపెట్టే దారి) రాసేటప్పుడు పక్క రౌటర్ చిరునామానైనా (నెక్స్ట్ హాప్), ప్యాకెట్ బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్ (పోర్టు) పేరునైనా ఇవ్వవచ్చు. సీరియల్ లింకులో అవతలి కొసన ఉండేది ఒక్క రౌటరే కాబట్టి ఇంటర్‌ఫేస్ పేరు చాలు. ఈథర్‌నెట్‌లో అలా కాదు. 192.168.2.0 నెట్‌వర్క్‌కు గిగాబిట్ ఈథర్‌నెట్ 0/0 అని మాత్రమే రాస్తే, ఆ నెట్‌వర్క్ తనకే నేరుగా కలిసి ఉన్నట్లు భావించి రౌటర్ అందులో ప్యాకెట్ వెళ్లాల్సిన ప్రతి చిరునామాకూ విడిగా ఏఆర్‌పీ ప్రశ్న (ఈ ఐపీ చిరునామా గల పరికరం హార్డ్‌వేర్ చిరునామా ఏది అని అడగడం) పంపుతుంది. పక్క రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (అవతలి నెట్‌వర్క్ చిరునామాల తరఫున రౌటరే జవాబివ్వడం) ఆపి ఉంటే జవాబు రాదు, ప్యాకెట్లు అక్కడే పోతాయి, రూటింగ్ పట్టికలో మాత్రం రూట్ సవ్యంగానే కనిపిస్తుంది. నెక్స్ట్ హాప్‌గా పక్క రౌటర్ చిరునామా, ఉదాహరణకు 10.0.0.2, ఇస్తే ఆ ఒక్క చిరునామాకు ఏఆర్‌పీ సరిపోతుంది. అందుకే ఈథర్‌నెట్‌పై నెక్స్ట్ హాప్‌నే నేను గట్టిగా సిఫారసు చేస్తాను. రెండూ కలిపి రాస్తే ఇంకా మేలు. అయితే మధ్యలో స్విచ్ ఉండి పక్క రౌటర్ ఆగిపోతే, వీటిలో ఏ పద్ధతిలోనూ రూట్ దానంతటది తొలగిపోదు.