నడుము నరానికి సి-ఆర్మ్ ఇంజెక్షన్: అమ్మ చికిత్సలో చూసినవి

అమ్మకు ఎడమ పిరుదు నుంచి కాలి పక్కగా పాదం పైకి, బొటనవేలి దాకా మంటగా నొప్పి పాకడం మొదలై మూడు నెలలైనా, మాత్రలకూ ఫిజియోథెరపీకీ లొంగకపోవడంతో హైదరాబాద్‌లోని ఒక పెయిన్ క్లినిక్‌లో ఇంజెక్షన్ చేయించాము. నడుములో 4, 5 వెన్నుపూసల మధ్య డిస్క్ జరిగి నడుము నుంచి కాలికి వెళ్లే ఎల్5 నరాన్ని నొక్కుతున్నట్లు అప్పటికే ఎమ్మారైలో తేలింది.

సూదిని అంచనాతో గుచ్చకుండా ప్రతి అడుగూ తెరపై చూసుకుంటూ నడిపించడమే ఇక్కడి పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం. అమ్మను బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తుమందు ఇచ్చి, సి-ఆర్మ్ అనే, అప్పటికప్పుడు తెరపై చిత్రం చూపే ఎక్స్-రే యంత్రంలో చూస్తూ నరం వెన్నెముక నుంచి బయటికి వచ్చే రంధ్రం దగ్గరకు సూదిని చేర్చారు. చేరిన తర్వాతా వెంటనే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ఎక్కించలేదు. ముందు ఎక్స్-రేలో కనిపించే కాంట్రాస్ట్ ద్రవం కొద్దిగా వదిలి, అది నరం వెంట పరుచుకుంటున్నదా, రక్తనాళంలోకి పోతున్నదా అని సరిచూసుకున్నారు. కొన్ని స్టెరాయిడ్లలో ఉండే రేణువులు రక్తనాళంలోకి వెళ్తే, అరుదుగానే అయినా, వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు చచ్చుబడే ప్రమాదముంది. ఈ చికిత్సలో అరుదుగా వచ్చే తీవ్ర నష్టాల గురించి అమెరికాలోని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది కూడా. ఇక్కడ రేణువులు లేని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడారు, తీసిన చిత్రాలను తర్వాత నాకు చూపించి ఓపికగా వివరించారు.

మర్నాడు మత్తు దిగి నొప్పి తిరిగి వచ్చినప్పుడు కంగారుపడ్డాము. స్టెరాయిడ్ పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుందని వారు ముందే చెప్పి ఉండటం ధైర్యమిచ్చింది. నాలుగో రోజుకు అమ్మ రాత్రి నిద్రపోగలిగింది.

అయితే ఒక లోపాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. అమ్మకు మధుమేహం ఉందని ఫారంలో స్పష్టంగా రాసినా, స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని ఎవరూ హెచ్చరించలేదు. రెండో రోజు గ్లూకోమీటరులో 310 కనిపించాక, ఆమెను ఎప్పుడూ చూసే డాక్టరుకు ఫోన్ చేసి మందుల మోతాదు మార్పించాము.

పక్కకు జరిగిన డిస్క్‌ను ఈ ఇంజెక్షన్ వెనక్కి నెట్టదు. నరం చుట్టూ వాపును తగ్గించి, వ్యాయామం చేయగలిగే వెసులుబాటు ఇస్తుంది, అంతే. ఆ మాట క్లినిక్ వారే నిజాయితీగా చెప్పారు. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా ఇంజెక్షన్ కోసం ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలని కూడా చెప్పి పంపారు.

అమ్మ ఇప్పుడు రైతుబజారుకు నడిచి వెళ్తోంది. మళ్లీ అవసరమైతే ఆ వైద్యుడి దగ్గరికే తీసుకువెళ్తాను, షుగర్ మందుల మోతాదు ముందే రాయించుకుని.