ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్‌తో యూరప్ వస్తే లండన్‌లో ఉండాలా, బెర్లిన్‌లోనా?

ఈ నెలలో ఇది నాలుగోసారి. "అక్కా, లండనా బెర్లినా? ఒక్కటి చెప్పు" అని. అడిగేవాళ్లంతా ఇంచుమించు ఒకలాంటి వాళ్లే. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పెరిగిన మన పిల్లలు, ఇరవై ఐదు దాటింది, సిటిజన్‌షిప్ వచ్చేసింది, రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి కాస్త డబ్బు వెనకేసుకున్నారు, ఇంట్లో సంబంధాల మాట మొదలయ్యేలోపు యూరప్‌లో కొన్నాళ్లు బతికి చూద్దామని ఆశ. నేనూ అలా వచ్చినదాన్నే. గుంటూరులో ఏడో క్లాసు దాకా చదివి మెల్‌బోర్న్ వెళ్లిపోయాం, అక్కడే ప్రైమరీ టీచర్ అయ్యా, 2023 ఆగస్టులో లండన్ వచ్చి రెండేళ్లు ఉన్నా, ఇప్పుడు బెర్లిన్‌లో తొమ్మిదో నెల నడుస్తోంది. రెండు చోట్లా అద్దె కట్టి, పని చేసి, చలికి వణికి చెప్తున్న మాటలివి.

వీసా సంగతి మీరంతా చదివే ఉంటారు, గుర్తు కోసం చెప్తున్నా అంతే. బ్రిటన్ యూత్ మొబిలిటీ, అంటే కుర్రవాళ్లు వచ్చి ఉండి పని చేసుకునే వీసా, 2024 జనవరి 31 నుంచి మనకి 35 ఏళ్ల దాకా ఇస్తున్నారు, రెండేళ్లు, తర్వాత ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. జర్మనీ వర్కింగ్ హాలిడే కూడా అలాంటిదే, 31 నిండకముందే అప్లై చేయాలి, ఒక్కటే ఏడాది. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి దారి వేరు, బ్రిటన్‌ది 30 ఏళ్ల దాకా ఉన్నవాళ్లకి లాటరీ, ఏడాదికి 3000 మందికి మాత్రమే. కాబట్టి ఇక్కడ రాసేది వాళ్లకి పనికిరాదు, దయచేసి ఇది చదివి ఆశ పెట్టుకోవద్దు.

ముందు లండన్ మంచి చెప్తా, ఎందుకంటే అది చిన్న మంచి కాదు. దిగిన మూడో వారానికే పనిలో ఉన్నా. సప్లై టీచర్ అంటే ఆ రోజు రాని టీచర్ బదులు వెళ్లేవాళ్లు, పొద్దున ఏడింటికి ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది, ఈ రోజు ఫలానా స్కూల్, ఎనిమిదిన్నరకల్లా ఉండాలి అని. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పళ్లు తోముకుంటూనే పోస్ట్‌కోడ్ ఒక పాత కరెంట్ బిల్లు వెనకాల రాసుకునేదాన్ని. ఆస్ట్రేలియాలో చదివిన టీచర్లని అక్కడ పెద్దగా పరీక్షలు లేకుండానే తీసుకుంటారు, భాష మనదే, అంటే మనం చదువుకున్న భాషే, పిల్లలు కూడా రెండో రోజుకే నీ యాస భలే ఉంది మిస్ అని చుట్టూ చేరతారు. నర్సులు, ఫిజియోలు, అకౌంటెంట్లు ఎవరి విషయంలోనైనా ఆస్ట్రేలియా అనుభవం అంటే అక్కడ వెంటనే అర్థమవుతుంది. ఇక ఈస్ట్ హామ్ వెళ్తే కరివేపాకు, గోంగూర, దోసకాయ, ఇంట్లో రుబ్బినట్టే ఉండే దోశ పిండి. ఆదివారం అక్కడికి వెళ్లి సంచీ నింపుకొస్తే వారం గడిచిపోయేది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పోయినేడాది ఫిబ్రవరిలో అమ్మమ్మని ఆసుపత్రిలో చేర్చారు. హీత్రోలో హైదరాబాద్ డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి గుంటూరులో ఆవిడ మంచం పక్కన ఉన్నా. బెర్లిన్ నుంచి ఇండియాకి డైరెక్ట్ లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దోహాలోనో మారాలి, ఆ నాలుగైదు గంటలు అలాంటప్పుడు చాలా పొడుగ్గా ఉంటాయి. ఓసీఐ కార్డు, అంటే వీసా లేకుండా ఇండియా వెళ్లొచ్చే కార్డు మాత్రం మెల్‌బోర్న్ వదిలే ముందే చేతిలో పెట్టుకోండి, ఏ ఊళ్లో ఉన్నా సరే.

డబ్బు విషయంలో జనం అనుకున్నంత తేడా లేదు. లండన్‌లో జోన్ 3 లో, అంటే ఊరి మధ్యకి కాస్త దూరంలో, గదికి నెలకి 950 పౌండ్లు కట్టా, ఇక్కడ ముగ్గురితో కలిసి ఉన్న ఫ్లాట్‌లో హీటింగ్‌తో కలిపి 650 యూరోలు. కానీ అక్కడ జీతం ఎక్కువ, ఇక్కడ తక్కువ, చివరికి మిగిలేది దగ్గర దగ్గరే. ఒకటి మాత్రం తెలుసుకోవాలి, బ్రిటన్ వీసాకి హెల్త్ సర్‌చార్జ్ ఇప్పుడు ఏడాదికి 776 పౌండ్లు, రెండేళ్లది కలిపి 1552 అడుగు పెట్టకముందే కట్టాలి. జర్మనీలో ఉద్యోగం వచ్చాక ఇన్సూరెన్స్ జీతంలోంచి పోతుంది, సగం యజమాని కడతాడు. అలాగే ఆస్ట్రేలియా ప్రభుత్వం యూనివర్సిటీ చదువుకిచ్చే హెల్ప్ లోన్ ఉన్నవాళ్లు, దేశం దాటాం కదా అని మర్చిపోకండి, 183 రోజులకు మించి బయట ఉంటే ఆస్ట్రేలియా టాక్స్ ఆఫీసుకి చెప్పాలి, ఇక్కడి సంపాదన కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక నేను అసలైనదనుకునే విషయానికి వస్తా. మనం వచ్చింది యూరప్‌లో తిరగడానికి. జీతానికో కెరీర్‌కో అయితే మెల్‌బోర్న్‌లోనే ఉండొచ్చు. కాబట్టి నా దృష్టిలో చూడాల్సింది ఒక్కటే, శుక్రవారం సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరడానికి ఎంత ఆలోచించాలి?

లండన్‌లో చాలా ఆలోచించాలి. ఆరు వారాల ముందు టికెట్ కొనాలి, లేకపోతే రేటు మండిపోతుంది. స్కూళ్లకి హాఫ్ టర్మ్ సెలవులు వచ్చాయంటే దేశంలో ప్రతి కుటుంబం అదే వారం బయల్దేరుతుంది, మా సెలవులూ అప్పుడే. తెల్లవారుజామున ఆరింటికి ఫ్లైట్ అంటే లివర్‌పూల్ స్ట్రీట్‌లో మూడింటికి బస్సు ఎక్కి స్టాన్‌స్టెడ్ చేరాలి. ఒకసారి గేట్ దగ్గర నా బ్యాగు రెండు వేళ్లు ఎత్తు ఎక్కువైందని టికెట్ కన్నా ఎక్కువ డబ్బు కట్టించుకున్నారు, ఆ ఉదయం క్రాకోవ్‌లో దిగేసరికి నాకు ఊరు చూడాలన్న ఉత్సాహమే చచ్చిపోయింది. పాస్‌పోర్ట్ లైన్ ఎలాగూ తప్పదు, మధ్యలో పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లో బ్రిటన్ లేదు కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నిలబడాలి, 2025 అక్టోబర్ నుంచి వేలిముద్రలు ఫోటో కూడా మొదలయ్యాయి. యూరోస్టార్ బాగుంటుంది, సెయింట్ పాంక్రాస్ నుంచి పారిస్‌కి రెండుంపావు గంటలే, కానీ అప్పటికప్పుడు కొంటే విమానం కన్నా ఎక్కువ అవుతుంది.

ఇక్కడ ఒక అపోహ కూడా చెప్పాలి. లండన్‌లో ఉంటే, షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలన్న రూల్ వల్ల తిరగలేం అంటారు. నేను లెక్క వేశా. వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి కాబట్టి ఒక వీకెండ్‌కి మూడు రోజులు, 180 రోజుల్లో ఇరవై ఆరు వీకెండ్లు, ప్రతి ఒక్కటీ వెళ్లినా 78. పని చేసుకునేవాళ్లకి ఆ రూల్ అడ్డం రాదు. అడ్డం వచ్చేది వీసా అయిపోయాక నాలుగు నెలలు తీరిగ్గా తిరుగుదాం అనుకునేవాళ్లకి. ఇదివరకు వాళ్లు క్రొయేషియా వెళ్లి రోజులు గడిపేవాళ్లు, 2023 నుంచి అదీ షెంగెన్‌లో కలిసింది, 2025 నుంచి రొమేనియా బల్గేరియా కూడా పూర్తిగా కలిశాయి. ఇప్పుడు అల్బేనియా, మాంటెనెగ్రో, జార్జియా వైపు పోతున్నారు.

బెర్లిన్‌లో బయల్దేరడం అంటే ఏంటో చెప్తా. మొన్న మార్చిలో శుక్రవారం మధ్యాహ్నం పని అయ్యాక, సంచీలో ఒక జత బట్టలు వేసుకుని బెర్లిన్ మెయిన్ స్టేషన్ హాప్ట్‌బాన్‌హోఫ్‌లో ప్రాగ్ ట్రైన్ ఎక్కా. నాలుగు గంటల చిల్లర ప్రయాణం. డ్రెస్డెన్ దాటాక ఎల్బె నది పట్టాల పక్కకి వచ్చేస్తుంది, అటు ఒడ్డున ఇసుకరాయి కొండలు గోడల్లా నిలబడి ఉంటాయి, నది మీద చిన్న పంటు ఒకటి అటూ ఇటూ తిరుగుతుంటుంది. డైనింగ్ కార్‌లో తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద వేయించిన ఛీజ్, ఆలుగడ్డలు పెట్టారు, శాకాహారులకి చెక్ దేశంలో అదే దిక్కు, బాగుంటుంది కూడా. బాట్ షాన్‌డావ్ దాటాక స్టేషన్ బోర్డు మీద అక్షరాలు మారాయి, అనౌన్స్‌మెంట్‌లో ముందు చెక్ భాష, తర్వాత జర్మన్. అంతే, దేశం మారిపోయింది. నేను పెరిగిన చోట మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి తొమ్మిది గంటలు కారు నడిపినా అదే భాష, అదే డబ్బు, అదే పెట్రోల్ బంకు. ఆ కిటికీ దగ్గర కూర్చుని, ఇందుకే కదా ఇంత దూరం వచ్చాను అనుకున్నా. లండన్‌లో ఉన్న రెండేళ్లలో ఏ విమానంలోనూ నాకు అలా అనిపించలేదు.

చిన్న ప్రయాణాలకి డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, ఊళ్లో బస్సులు, మెట్రో, దేశమంతా లోకల్ రైళ్లు అన్నీ అందులోనే, ఫాస్ట్ ట్రైన్లు మాత్రం ఎక్కనివ్వరు. దాంతోనే రోస్టాక్ పోయి బాల్టిక్ సముద్రం చూసి రాత్రికి ఇంటికొచ్చేస్తా. పెద్ద ప్రయాణాలకి రైలు పాస్ కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, యూరప్‌లో నివాసం ఉన్నట్టు కాగితం ఉంటే మనం కొనాల్సింది ఇంటర్‌రైల్, టూరిస్టులకి అమ్మే యూరైల్ కాదు. మనం ఉండే దేశంలో మాత్రం ఒకసారి బయటికి, ఒకసారి లోపలికే చెల్లుతుంది. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గరే ఉంచుకోండి, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, వచ్చేటప్పుడు పోలీసులు ట్రైన్ ఎక్కి అడుగుతుంటారు.

అయినా నా మొత్తం తిరుగుళ్లలో గుండెకి తగిలిన ప్రయాణం లండన్ నుంచే జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. 2024 ఏప్రిల్ 25, ఆంజాక్ డే, అంటే యుద్ధాల్లో పోయిన సైనికులని ఆస్ట్రేలియా తలుచుకునే రోజు, ఫ్రాన్స్‌లో ఆమియన్ పక్కన విలేర్ బ్రెతోనూ అనే ఊరు. 1918లో ఆ ఊరిని జర్మన్ సైన్యం నుంచి ఆస్ట్రేలియా సైనికులు విడిపించారు, కూలిపోయిన బడిని తిరిగి కట్టడానికి విక్టోరియా రాష్ట్రంలో బడి పిల్లలు పెన్నీ పెన్నీ పోగేసి పంపారు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది, ఆవరణలో షెడ్డు మీద పెద్ద అక్షరాలతో ఆస్ట్రేలియాని మరిచిపోవద్దు అని రాసి ఉంటుంది. నేను విక్టోరియా బళ్లలో చదువుకుని, విక్టోరియా బళ్లలో పాఠాలు చెప్పినదాన్ని. గుంటూరు పిల్లని, అయినా ఆ రాత కింద నిలబడితే అది నాకోసం కూడా రాసిందే అనిపించింది.

బెర్లిన్ కష్టాలు దాచను. గదిలో దిగాక పద్నాలుగు రోజుల్లో అడ్రస్ నమోదు చేయాలి, ఆ కాగితం లేనిదే బ్యాంక్, టాక్స్ నంబర్, జీతం ఏదీ సాఫీగా కదలదు, కానీ చాలామంది ఓనర్లు నమోదుకి ఒప్పుకోరు, కాబట్టి గది చూసేటప్పుడే మొదటి ప్రశ్నగా అదే అడగండి. మనం వీసా లేకుండా దిగి ఇక్కడే అప్లై చేయొచ్చు, నిజమే, కానీ కార్డు వచ్చేదాకా పని చేయకూడదు, అపాయింట్‌మెంట్ కోసం నెలలు కూర్చున్నవాళ్లని చూశా. ఆస్ట్రేలియాలోనే తీసుకుని రండి. జర్మన్ రాకపోతే పనులు తక్కువ. నాకు ఇంగ్లీష్, జర్మన్ రెండూ నడిచే ఒక కీటాలో, అంటే బడికి ముందు పిల్లలుండే చోట, సహాయకురాలి పని దొరికింది. అక్కడ నాలుగేళ్ల పాప నేను పదం ముందు లింగం తప్పి "డి" అన్నప్పుడల్లా ఓపిగ్గా "డెర్" అని దిద్దుతుంది. నేర్చుకుంటున్నా. ఆదివారం కొట్లు మూసేస్తారు. డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి, అది లండన్‌లోనూ అంతే.

డబ్లిన్ కూడా అడిగారు కొందరు. మంచి మనుషులు, గది దొరకడం నరకం, పైగా అదీ షెంగెన్ బయటే, లండన్‌కి ఉన్న ఇబ్బందే. లిస్బన్ ఎండకి బాగుంటుంది, జీతాలకి కాదు, సెలవుకి వెళ్లండి.

వయసు సంగతి మాత్రం చాలామంది చూడట్లేదు. జర్మనీ తలుపు 31 కి మూసుకుంటుంది, బ్రిటన్‌ది 35 దాకా తెరిచే ఉంటుంది. కాబట్టి రెండూ చేయాలనుకుంటే ముందు బెర్లిన్, తర్వాత లండన్. నేను తిరగేసి చేశా, ముప్పై నిండాక జర్మనీ వీసా కాగితాలు పరుగులు పెట్టి సర్దుకోవాల్సొచ్చింది. ముందు లండన్ వెళ్లి అక్కడ అలవాటు పడి, ఇంకో ఏడాది ఇంకో ఏడాది అంటూ బెర్లిన్ వయసు దాటిపోయిన స్నేహితులు నాకు ఇద్దరున్నారు.

మా పిన్ని కూతురికి ఇరవై ఎనిమిది, బ్రిస్బేన్‌లో నర్సు. దానికి ఇదంతా ఫోన్‌లో గంటన్నర చెప్పా. ముందు బెర్లిన్‌కే అప్లై చేసింది, సెప్టెంబర్‌లో దిగుతుంది, మొదటి నెల నా గదిలోనే పరుపు వేస్తా. వచ్చిన వారానికే ప్రాగ్ తీసుకెళ్లమంది, టికెట్లు అప్పుడు చూసుకుందాం అన్నా. సీటు మాత్రం ఎడమ వైపు కిటికీ దగ్గర తీసుకోవాలి, నది అటే వస్తుంది.