క్లస్టర్లా, ప్రభుత్వమా: విపత్తులో సహాయ సంస్థలను ఎవరు నడిపితే మేలు?

పెద్ద విపత్తు వచ్చిన ప్రతిసారీ పాఠకులు ఇదే అడుగుతున్నారు. ఇన్ని సంస్థలు ఒక్కసారిగా దిగినప్పుడు పగ్గాలు ఐక్యరాజ్యసమితి క్లస్టర్లకు (ఒక్కో రంగంలో పనిచేసే సహాయ సంస్థలన్నీ ఒక ప్రధాన సంస్థ సారథ్యంలో కలిసే బృందాలకు) ఇవ్వాలా, ఆ దేశ ప్రభుత్వానికి వదలాలా?

క్లస్టర్ పద్ధతిని మొదట వాడింది 2005 అక్టోబరు పాకిస్తాన్ భూకంపంలో. ఇందులో పని పంపకం స్పష్టం. ఆరోగ్యం డబ్ల్యూహెచ్‌ఓ చూస్తుంది, నీళ్లు, పారిశుద్ధ్యం యునిసెఫ్ చూస్తుంది. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో పట్టికలో కనిపిస్తుంది కాబట్టి, ఒకే శిబిరానికి నలుగురు దుప్పట్లు పంచి పక్క ఊరిని వదిలేయడం తగ్గుతుంది. కాకపోతే క్లస్టర్‌కు ఎవరినీ ఆదేశించే అధికారం లేదు. పట్టిక నింపని సంస్థను బతిమాలుకోవాల్సిందే.

నా దృష్టిలో అసలు సంగతి వేరే ఉంది: మీటింగ్‌లో ఎవరు కూర్చుంటారు? 2010 హైతీ భూకంపం తర్వాత క్లస్టర్ సమావేశాలు విమానాశ్రయం దగ్గరి ఐరాస స్థావరంలో, చాలావరకు ఇంగ్లీషులో జరిగాయి. ఫ్రెంచ్, క్రియోల్ మాట్లాడే స్థానిక సంస్థలవాళ్లకు ఆ గేటు దాటడమే కష్టమైంది. ఏ సందులో ఎన్ని కుటుంబాలున్నాయో తెలిసినవాళ్లు బయట, మ్యాపు చూసి ఊరు నేర్చుకుంటున్నవాళ్లు లోపల! ఇక పట్టిక ఎంత చక్కగా ఉంటే ఏం లాభం?

అందుకే నా మొగ్గు ప్రభుత్వం వైపే. ఫిలిప్పీన్స్ 2007లోనే క్లస్టర్లను తన వ్యవస్థలో కలుపుకుంది. సారథ్యం సొంత శాఖలది, అంతర్జాతీయ సంస్థలు తోడు. విదేశీ టీములు వెళ్లిపోయాక ఇళ్ల జాబితాలు, స్థలాల తగాదాలు ఎలాగూ ఆ శాఖల నెత్తినే పడతాయి కదా. 2018లో సులవేసి భూకంపం, సునామీ తర్వాత ఇండోనేషియా ఇంకో అడుగు ముందుకేసి, విదేశీ సంస్థలు స్థానిక భాగస్వాముల ద్వారానే పనిచేయాలంది. అతి అన్నవాళ్లున్నారు. నాకైతే సబబుగానే అనిపించింది.

అయితే ప్రభుత్వ యంత్రాంగమే కూలిపోతే? 2013 హైయాన్ తుఫానులో ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ నగర సిబ్బందే బాధితులయ్యారు. అలాంటప్పుడు మొదటి వారాల భారం బయటివాళ్లు మోయక తప్పదు. అంతర్యుద్ధంలోనైతే ప్రభుత్వమే ఒక పక్షం. ఎదుటి పక్షం ఊళ్లకు తిండి వెళ్లాలా వద్దా అన్నది దాని చేతిలో పెట్టలేం. అక్కడ క్లస్టరే నయం.

స్వచ్ఛంద సంస్థలు సొంతంగా పెట్టుకునే వేదికలు సమాచారం పంచుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశించకండి. శరణార్థుల విషయంలో సారథ్యం ఐరాస శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌ది కాబట్టి, ఈ పోలిక అక్కడికి వర్తించదు.