పెట్రోలు ట్యాంకు మూత: కంపెనీది, బయటిది, తాళంది. చాన్నాళ్లు వాడాక తేలిన సంగతి

మూడు రకాల మూతలూ ఒకే కారు మీద వాడాను. ఒరిజినల్ పార్టుకి నా ఓటు. తాళం మూత ఫర్వాలేదు. ఏ బండి మోడలుకో చెప్పకుండా "అన్నిటికీ పడుతుంది" అని అమ్మే మూత మాత్రం వద్దు.

కొత్తది కొనేముందు తప్పు మూతదేనా అన్నది తేల్చుకోవాలి. మూత సరిగా మూసుకోక పెట్రోలు ఆవిరి లీకైతే డాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలగొచ్చు. అలా వెలిగితే స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపం కోడ్ చదివే పరికరం) పెట్టి కోడ్ చూడండి. పీ0457 వస్తే మూత వదులుగా ఉందనో, అసలు లేదనో బండి అనుమానపడుతోంది. పీ0455 అంటే పెద్ద లీకు, పీ0442 అంటే చిన్న లీకు, పీ0456 అంటే ఇంకా సన్నది, సుమారు అర మిల్లీమీటరు రంధ్రమంత. వీటిలో ఏదీ మూత పాడైందని రుజువు కాదు. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెట్రోలు ఆవిరి వెళ్లే దారిలో ఎక్కడ లీకైనా ఇవే కోడ్‌లు వస్తాయి. మూతనే ముందు చూడమనేది ఎందుకంటే అది చవక, పైగా రోజూ తిప్పుతూ తీసేది అదొక్కటే.

ఇంజన్ ఆపి మూత తీసి, రబ్బరు రింగును గాడిలోంచి బయటికి లాగండి. వేళ్ల మధ్య వంచి చుట్టూ తిప్పుతూ చూస్తే, మామూలుగా కనపడని వెంట్రుకంత పగుళ్లు వంపు దగ్గర నోరు తెరుస్తాయి. గోటితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. ఒకవైపు చదునుగా అణిగిపోయి, మెరుస్తూ గట్టిపడి ఉంటే ఆ రింగు పని అయిపోయినట్టే. ఆ తర్వాత పెట్రోలు పోసే గొట్టం నోటి అంచును గుడ్డతో తుడిచి వేలు పోనివ్వండి. తుప్పు పెచ్చులు, పంపు నాజిల్ తగిలి పడిన సొట్ట ఉంటే కొత్త మూత కూడా కారుతుంది. చాలామంది ఈ అంచును చూడరు, మూత మీద మూత మారుస్తుంటారు.

చౌక మూతతో వచ్చిన చిక్కు, మూత బిగిసిందని తెలిపే టిక్ టిక్ శబ్దం దగ్గరే. లోపలి స్ప్రింగు బలహీనంగా ఉండటంతో రింగు అంచు మీద సరిగ్గా కూర్చోకముందే టిక్ అంటుంది. బిగిసిందనుకుని వదిలేస్తాం, కొన్నాళ్లకి లైటు వెలుగుతుంది. రింగు కూడా తొందరగా అణిగిపోయింది. వేలాడే పట్టీ చివరి బొడిపె రంధ్రంలో నిలవక ఊడి వచ్చేది. ఒరిజినల్‌లో ఈ మూడు ఇబ్బందులూ లేవు. ధర ఎక్కువే, కానీ రెండుసార్లు కొనే పని తప్పుతుంది.

కొనేటప్పుడు ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరిచూసుకోండి. మరలు కలిసినంత మాత్రాన మూత సరిపోయినట్టు కాదు. పాత బండ్లలో కొన్నిటికి గాలి పోయే రంధ్రమున్న మూత ఉంటుంది. దాని స్థానంలో రంధ్రం లేనిది పెడితే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి, నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోతుంది. మూత తీయగానే గాలి బుస్సున లోపలికి పోయి, కాసేపటికి బండి మళ్లీ స్టార్టవుతుంది. కొత్త బండికి రంధ్రమున్నది పెడితే లీకు కోడ్ వదలదు.

మార్చడం నిమిషాల పని. పట్టీ బొడిపెను శ్రావణంతో లాగి కొత్తది నొక్కండి. మూతను ముందు కాస్త ఎడమకి తిప్పితే మర దారిలో పడుతుంది, అప్పుడు కుడికి బిగించండి. ఎన్ని టిక్కులు అన్నది సాధారణంగా మూత మీదే రాసి ఉంటుంది, కొన్నిటికి ఒకటి, కొన్నిటికి మూడు. పట్టీ రింగుకీ అంచుకీ మధ్య నలగకుండా చూడండి, ఆ ఒక్కదానికే లైటు వెలుగుతుంది. గ్రీజు పూయొద్దు, దుమ్ము పట్టి రింగు సరిగా కూర్చోదు.

మూత మార్చగానే లైటు ఆరలేదని కంగారు పడొద్దు. లీకు పరీక్షను బండి తనంతట తానే చేసుకోవాలి. సాధారణంగా ఇంజన్ చల్లగా ఉండి స్టార్టయినప్పుడు, ట్యాంకు మరీ నిండుగానో మరీ ఖాళీగానో లేనప్పుడే చేస్తుంది. అందుకే ఫుల్ ట్యాంకు కొట్టించి ఎదురుచూస్తే లాభం లేదు, సగం దగ్గర ఉంచి నడపండి. వరుసగా మూడుసార్లు పరీక్ష పాసైతే చాలా బండ్లలో లైటు ఆరుతుంది. స్కానర్‌తో కోడ్ చెరిపేయొచ్చు గానీ, అలా చేస్తే మిగతా స్వీయ పరీక్షల ఫలితాలూ పోతాయి. ఆ ఫలితాలు కూడా చూసే కాలుష్య పరీక్ష దగ్గర్లో ఉంటే చెరపకపోవడమే మేలు.

అయినా కోడ్ తిరిగొస్తే మూతల మీద ఇంక డబ్బు పెట్టకండి. గ్యారేజీలో పైపుల్లోకి పొగ పంపించి లీకు ఎక్కడుందో చూపించమనండి. పర్జ్ వాల్వ్ (ఆవిరిని ఇంజన్‌లోకి వదిలేది), వెంట్ వాల్వ్ (బయటి గాలికి దారి తెరిచి మూసేది), చార్‌కోల్ క్యానిస్టర్ (ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) అనుమానితులు. నాజిల్ దానంతటదే ఆగాక కూడా ఇంకాస్త, ఇంకాస్త అని కొట్టించే అలవాటుంటే పెట్రోలు క్యానిస్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

తాళం మూత సంగతి: రింగు ఒరిజినల్‌లాగే నిలిచింది. తాళం రంధ్రంలో దుమ్ము చేరితే చెవి బిగుసుకుంటుంది. నూనె వేస్తే దుమ్ము ఇంకా పడుతుంది, గ్రాఫైట్ పొడి వేయాలి. మామూలు మూత కన్నా కాస్త మందం ఉంటుంది కాబట్టి, కొనేముందు పైతలుపు పూర్తిగా మూసుకుంటుందో లేదో పెట్టి చూడండి.