అజుకి గింజల వెంట జపాన్: ఎక్కడ తినాలి, ఎక్కడ బస చేయాలి

జపాన్ సంప్రదాయ మిఠాయిలలో చాలావాటికి ప్రాణం అజుకి పూర్ణమే. మినుములు, పెసలు, అలసందలు ఏ ప్రజాతికి చెందినవో ఈ చిన్న ఎర్ర గింజ కూడా ఆ విగ్నా ప్రజాతికే చెందుతుంది కనుక, తెలుగువారి నాలుకకు ఇది పూర్తిగా కొత్తదేమీ కాదు. మేలైన అజుకి మిఠాయిలు ఏ రోజుకారోజు చేసేవి. జిగురు బియ్యాన్ని దంచి చేసే మోచి సాయంత్రానికి గట్టిపడుతుంది, పేరున్న దుకాణాలలో సరుకు మధ్యాహ్నానికే అయిపోవచ్చు. అందుచేత ఏ దుకాణానికి వెళ్ళాలన్నదెంత ముఖ్యమో, ముందురోజు రాత్రి ఏ ఊళ్ళో ఉండాలన్నదీ అంతే ముఖ్యం. ఈ శరత్కాలంలో హొక్కయిదో నుంచి క్యోటో మీదుగా టోక్యో వరకు చేసిన ప్రయాణంలో నాకు తేలినది ఇదే.

దేశంలో పండే అజుకిలో అత్యధిక భాగం హొక్కయిదో దీవిదే. అందులోనూ తొకాచి మైదానానిది పెద్ద పేరు. ఆ మైదానం మధ్యనున్న ఒబిహిరో, సప్పొరో నుంచి ఎక్స్‌ప్రెస్ రైలులో సుమారు రెండున్నర గంటల దూరం. గోధుమ, బంగాళదుంప, చక్కెర దుంప, అజుకి ఇక్కడ పంట మార్పిడి పద్ధతిలో పండుతాయి, పాడి కూడా సమృద్ధిగా ఉంది. గింజ, చక్కెర, వెన్న ఒకే నేలవి కావడం వల్ల రొక్కతెయి వంటి మిఠాయి సంస్థలు ఇక్కడే ఎదిగాయి. గుండ్రని అచ్చులో పిండి పోసి, నడుమ పూర్ణం పెట్టి కాల్చే ఒయాకిని వేడివేడిగా తింటే, తీపి కంటే ముందుగా గింజ వాసన తెలుస్తుంది. అయితే శాకాహారులకు ఈ ఊరు సులువైనది కాదు. ఒబిహిరో ప్రసిద్ధ వంటకం పంది మాంసం పరచిన అన్నం, భోజనశాలలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి. దగ్గరలోని తొకాచిగావా వేడినీటి బుగ్గల వసతిగృహాలు శరీరానికి గొప్ప విశ్రాంతినిస్తాయి. వృక్షావశేషాల పొరల నుంచి వచ్చే ఆ గోధుమరంగు నీటిలో స్నానం చేశాక చర్మం ఎంత మృదువుగా ఉంటుందో చెప్పలేను. కాని భోజనంతో కూడిన గది తీసుకోకుండా, స్నానవసతి మాత్రమే ఉన్న గది తీసుకోవడం మేలు. పంట పొలాలు చూడాలన్న కోరిక లేనివారు ఇంత దూరం రావలసిన పని లేదని నా అభిప్రాయం. ఉన్నవారు కోతలు సాగే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే రావాలి.

పూర్ణం తయారయ్యే తీరు తెలిస్తే దుకాణాల మధ్య తేడా తెలుస్తుంది. శనగల వలె అజుకిని రాత్రంతా నానబెట్టడం సాధారణంగా చేయరు. ఒక ఉడుకు వచ్చాక వగరు పోవడానికి ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో సన్నని సెగ మీద ఉడికిస్తారు. గింజ రెండు వేళ్ళ మధ్య ఇట్టే నలిగేంత మెత్తబడ్డాకనే చక్కెర చేరుస్తారు, తొందరపడి ముందే వేస్తే గింజ గట్టిపడుతుంది. గింజలు కనబడేటట్లు ఉంచితే త్సుబుఆన్, పొట్టు తీసి వడగట్టి నునుపు చేస్తే కోషిఆన్. బొబ్బట్ల పూర్ణంలో బెల్లం, యాలకులు, నెయ్యి ముందుకు వస్తే, ఇక్కడ నెయ్యి లేదు, సుగంధ ద్రవ్యమూ లేదు. చేయి తిరిగినవాడి పనితనమంతా ఆ వగరును ఎంతవరకు తీశాడు, ఎంత మిగిల్చాడు అన్నదానిలోనే ఉంది.

నగోయాలో ఒక ఉదయం చాలు. వెన్న రాసిన దళసరి రొట్టె మీద పూర్ణం పరిచే ఒగురా టోస్ట్ ఈ నగరపు అల్పాహారం. 1968లో ఇక్కడే మొదలైన కొమెదా కాఫీశాలల్లో ఉదయం పదకొండు గంటల వరకు, పానీయం ధరకే రొట్టె, దానితోపాటు కోరుకుంటే అజుకి పూర్ణం ఇస్తారు. ఉప్పటి వెన్నకు, తీపి పూర్ణానికి ఇంత చక్కగా పొత్తు కుదురుతుందని తినేదాకా నమ్మలేదు.

ఈ ప్రయాణంలో నేను మనసారా సిఫారసు చేసే రాత్రి బస ఇసే పట్టణంలోనిది. నగోయా నుంచి కింతెత్సు రైలు గంటన్నరలోపే చేరుస్తుంది కనుక చాలామంది పగటిపూట వచ్చి పోతారు, వారికి దొరికేది జనసమ్మర్దమే. 1707లో మొదలైన అకఫుకు ప్రధాన దుకాణం ఉదయం ఐదు గంటలకే తెరుచుకుంటుంది. ఇసే షింతో ఆలయపు అంతర్మందిరమైన నైకూ ద్వారాలు తెరిచేదీ ఆ వేళకే. దర్శనం ముగించుకుని వచ్చి, ఇసుజు నది ఒడ్డున చాప మీద కూర్చుంటే, వేడి టీతోపాటు అకఫుకు మోచి తెచ్చి పెడతారు. అడుగున తెల్లని మోచి నదిలోని గులకరాళ్ళకు, పైన వేళ్ళ గీతలు పడిన నునుపైన పూర్ణం ప్రవాహానికి ప్రతీక. పూర్ణం తేలికగా, తడిగా, నాలుక మీద నిలవకుండా కరిగిపోతుంది. పెట్టెలో కొన్నది రైల్లో తిన్నప్పుడు ఆ గుణం సగమే మిగిలింది. జనవరి తప్ప ప్రతి నెలా ఒకటో తేదీన ప్రత్యేకమైన మోచి చేస్తారు, దానికోసం తెల్లవారకముందే వరుసలు కడతారు కాబట్టి, రద్దీ వద్దనుకునేవారు ఆ తేదీని తప్పించాలి. రైల్వే స్టేషన్ దగ్గరి సాధారణ హోటళ్ళు శుభ్రంగా ఉండి ధరలోనూ అందుబాటులో ఉన్నాయి. అయితే అంత పొద్దున్నే బస్సులు ఉండవు గనుక ముందురోజే టాక్సీ మాట్లాడమని హోటలు వారికి చెప్పాలి. ఆ సాయాన్ని వారు ఎంతో ఓపికగా చేసి పెట్టారు.

క్యోటోలో గింజ మారుతుంది. తంబా ప్రాంతపు దైనగోన్ రకం పెద్దది, ఉడికినా పొట్టు తేలికగా చిట్లదు, అందుకే గింజ నిండుగా కనబడవలసిన మిఠాయిలకు దీనిని ఎంచుకుంటారు. జూన్ 30న తినే మినాజుకి అనే ముక్కోణపు మిఠాయి మీద పరిచేది అజుకినే. 1899 నాటి దెమాచి ఫుతాబా దుకాణంలో ఉప్పగా ఉడికిన ఎర్ర బఠాణీలు పొదిగిన మోచిలో నునుపైన అజుకి పూర్ణం ఉంటుంది. వరుస పొడవుగా ఉన్నా చురుకుగా కదులుతుంది, మంగళవారం సెలవు. దగ్గరలోనే కామో నది ఒడ్డు ఉంది, అక్కడే కూర్చుని తినడం ఉత్తమం. ఇదే నగరంలో నేను చేరిన మిఠాయి తరగతి మాత్రం నిరాశపరిచింది. ముందే చేసి పెట్టిన తెల్ల చిక్కుడు ముద్దతో పువ్వులు చేయించారే తప్ప, అజుకి ఉడికించడం చూపలేదు. డబ్బు కట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలి.

మాంసం, చేప తిననివారికి అజుకి నిజంగా అండగా నిలుస్తుంది. పూర్ణంలో సాధారణంగా గింజలు, చక్కెర, కొద్దిగా ఉప్పు మాత్రమే ఉంటాయి. పూర్ణాన్ని పేరబెట్టి ముక్కలుగా కోసే యోకాన్‌ను గట్టిపరిచేది సముద్రపు నాచు నుంచి తీసిన కాంతెన్. రెండు చిన్న అట్ల నడుమ పూర్ణం పెట్టే దొరయాకిలో గుడ్డు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక ర్యోకాన్‌లో, అంటే సంప్రదాయ వసతిగృహంలో, ముందుగా తెలియజేసినప్పటికీ చేపతో కాచిన రసం వడ్డించారు. బౌద్ధ క్షేత్రమైన కోయాసాన్ కొండ మీది ఆలయ వసతుల్లో దొరికే శాకాహారం మీద అటువంటి అనుమానం పెట్టుకోనక్కరలేదు.

టోక్యోలో మిఠాయిల కంటే సెకిహాన్ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. శుభకార్యాలకు జిగురు బియ్యంతో వండే ఈ ఎర్రన్నంలో, తూర్పు ప్రాంతాలవారు అజుకికి బదులు పొట్టు చిట్లని ససాగేను, అంటే మన అలసందల జాతినే, వేస్తారు. డిపార్ట్‌మెంట్ స్టోర్ల కింది అంతస్తులో నువ్వులు, ఉప్పు చల్లి అమ్ముతారు. రాత్రి భోజనానికి అది హాయిగా సరిపోతుంది. ఇంటికి తేవడానికి మాత్రం మోచి కాక, మూసిన పొట్లంలో నెలల తరబడి నిలిచే, తొరాయా అనే మిఠాయి సంస్థ యోకాన్‌నే ఎంచుకోవాలి. చిన్న ముక్కలుగా విడివిడిగా చుట్టినవి పంచిపెట్టడానికి అనువుగా ఉంటాయి.