హన్మకొండ నుంచి కొరియా శిబిరానికి సకినాలు: ఒక కొరియర్ దుకాణం, రెండు బిల్లులు

హన్మకొండలో "అమెరికాకు పచ్చళ్లు, పిండివంటలు పంపబడును" అని బోర్డు పెట్టిన దుకాణాలు ఇప్పుడు వీధికొకటి కనిపిస్తున్నాయి. నక్కలగుట్ట వైపున్న అలాంటి ఒక దుకాణంలో నేను 2024 డిసెంబర్‌లో ఒకసారి, 2025 డిసెంబర్‌లో మరొకసారి పెట్టె కట్టించాను. దుకాణం పేరు రాయడం లేదు. వారి పనిలో నాకు నచ్చినవీ ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి. పైగా నేను చెప్పదలచుకున్న ఇబ్బంది ఆ ఒక్క దుకాణానిది కాదు, ఈ వ్యాపారంలో లెక్క కట్టే పద్ధతిది.

మా అన్న కొడుకు ఎమ్మెస్ చదువుకోవడానికి అమెరికా వెళ్లి, గ్రీన్ కార్డు వచ్చిన తర్వాత ఆ దేశ సైన్యంలో చేరాడు. ప్రస్తుతం దక్షిణ కొరియాలోని క్యాంప్ హంఫ్రీస్ అనే అమెరికా సైనిక శిబిరంలో ఉంటున్నాడు. మా పెట్టె చేరవలసింది అక్కడికి. కొరియాకు నేరుగా పంపితే సరిపోతుంది కదా అని మొదట అనుకున్నాను కానీ, అతని చిరునామాలో కొరియా అన్న మాటే ఉండదు. పేరు, దళం, పెట్టె సంఖ్య, ఆ కింద ఏపీఓ, ఏపీ అనే అక్షరాలు, అమెరికా జిప్ కోడ్, అంతే. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, ఇక్కడ ఏపీ అంటే పసిఫిక్ ప్రాంతం. ఐరోపా, పశ్చిమాసియాల వైపు శిబిరాలకు ఏఈ అని రాస్తారు. దేశం పేరు రాయకూడదని అమెరికా తపాలా సంస్థే చెబుతుంది, ఎందుకంటే రాస్తే పెట్టె సైనిక తపాలాలోకి వెళ్లకుండా ఆ దేశపు మామూలు తపాలాలోకి వెళ్లే ప్రమాదం ఉంది. మన దగ్గరా ఇదే పద్ధతి ఉంది. మా వీధిలో ఒకావిడ కొడుకు సరిహద్దులో ఉంటాడు, ఆమె రాసేది "56 ఏపీఓ" అని, తొమ్మిదితో మొదలయ్యే పిన్‌కోడ్ వేసి. కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో ఆమెకూ తెలియదు, పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చున్న వారికీ తెలియదు. ఆమె కట్టేది మాత్రం దేశంలో ఒక ఊరి నుంచి మరో ఊరికి పంపే రేటే.

అమెరికా సైనికుడికి కూడా పెట్టె దేశీయ రేటుకే వెళుతుంది, కానీ అమెరికా గడ్డ మీద పోస్టు చేసినప్పుడే. ప్రైవేటు కొరియర్లు ఏపీఓ చిరునామాకు సాధారణంగా పెట్టెలు తీసుకోవు, ఆ చివరి అంకం అమెరికా తపాలా సంస్థదే. కాబట్టి మా సకినాలు హన్మకొండలో బయలుదేరి ముందు డల్లాస్‌లో మా పెద్దమ్మాయి ఇంటికి చేరాలి, అక్కడ ఆమె పెట్టె విప్పి, మళ్లీ కట్టి, పోస్టాఫీసుకు తీసుకెళ్లాలి. వరంగల్‌కు తూర్పున ఉన్న కొరియాకు పడమరగా భూమిని చుట్టి పంపుతున్నామన్నమాట. కొరియాకూ మన తపాలాకూ పాత బంధుత్వం కూడా ఉంది. 1953లో యుద్ధ ఖైదీల కాపలాకు అక్కడికి వెళ్లిన భారత దళం కోసం మన స్టాంపుల మీద హిందీలో ప్రత్యేకంగా ముద్ర వేశారు. మా అన్న స్టాంపుల పుస్తకంలో అలాంటిది ఒకటి ఉంది, కొడుక్కి అక్కడ పోస్టింగ్ వచ్చిన రోజున దాన్ని తీసి అందరికీ చూపించాడు.

మొదటి బిల్లు సంగతికి వస్తాను. 2024 డిసెంబర్ మొదటి వారంలో మా వదిన, మా ఆవిడ కలిసి రెండు రోజులు కూర్చుని చేసిన పిండివంటలు, పచ్చళ్లు అన్నీ ఒక సంచిలో, రెండు స్టీలు డబ్బాల్లో పెట్టుకుని వెళ్లాను. సకినాలు మూడు కిలోలు, అరిసెలు, నువ్వుల ఉండలు, గారెప్పలు, అల్లం పచ్చడి, చింతకాయ తొక్కు, కారప్పొడి. దుకాణం వారు కిలోకు 720 రూపాయలన్నారు. తూకం వేస్తే అట్టపెట్టెతో సహా 6 కిలోల 400 గ్రాములు వచ్చింది. ఏడు కిలోలకు లెక్క కట్టినా ఐదు వేల చిల్లర అవుతుందని నేను మనసులో అనుకుంటుండగా, కౌంటర్ మీదున్న అబ్బాయి పది కిలోలకు బిల్లు కొట్టాడు. అడిగితే, "కొలత బరువు సార్" అన్నాడు.

ఈ కొలత బరువు గురించి ముందే తెలిసి ఉంటే నాకు కొన్ని వేలు మిగిలేవి. విమానంలో జాగా కూడా బరువుతో సమానమే కాబట్టి, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, వచ్చిన దాన్ని 5,000తో భాగిస్తారు. వచ్చిన సంఖ్య అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. మా పెట్టె 45, 35, 30. గుణిస్తే 47,250, భాగిస్తే 9.45, దాన్ని పై కిలోకు సవరిస్తే పది. ఈ లెక్కలో మోసం లేదు, ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. నా అభ్యంతరం ఏమిటంటే, ఆ పెట్టెను ఎంచుకున్నది దుకాణం వారు. సకినాలు విరగకూడదని చుట్టూ రెండు అంగుళాల మేర థర్మాకోల్ ముక్కలు నింపారు, పైన బబుల్ కవరు చుట్టారు, అందుకు ప్యాకింగ్ కింద 300 రూపాయలు వేరుగా తీసుకున్నారు. అంటే నేను థర్మాకోల్ కొనుక్కుని, దానికి కిలోకు 720 రూపాయల చొప్పున విమానం టిక్కెట్ కూడా కొన్నాను.

మరో 500 రూపాయలు ఎఫ్‌డీఏ రుసుము అని వేశారు. అమెరికాకు ఆహార పదార్థాలు పంపేటప్పుడు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ముందుగా సమాచారం ఇవ్వాలన్నది నిజమే. అయితే ఒక వ్యక్తి తన ఇంట్లో చేసి, మరొకరికి కానుకగా పంపే ఆహారానికి ఆ నిబంధన వర్తించదు. మిఠాయి దుకాణంలో కొన్న వస్తువుకు వర్తిస్తుంది, మా వదిన చేతి అరిసెకు వర్తించదు. ఈ తేడాను మా అమ్మాయి తర్వాత ఫోన్‌లో చెప్పింది. మొత్తం ఎనిమిది వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,440, కలిపి 9,440 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను.

దుకాణం వారి పనితనంలో మెచ్చుకోవలసింది పచ్చళ్ల ప్యాకింగ్. తొక్కును గట్టి కవరులో పోసి, గాలి తీసి సీలు వేసి, దాన్ని మరో కవరులో పెట్టి మళ్లీ సీలు వేసి, ఆ అబ్బాయి రెండు చేతులతో గట్టిగా నొక్కి, అంచు వెంట వేలు రాసి నూనె తడి తగులుతుందేమో చూశాడు. ఒకదానికి తగిలింది. ఏమీ అనకుండా కవరు కోసేసి, కొత్త కవరులో మళ్లీ పోశాడు. డల్లాస్‌కు వారం లోపే చేరింది, చుక్క నూనె కారలేదు. మాంసం పచ్చడి తీసుకోబోమని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. నా ముందు నిలబడిన ఒకాయన నాటుకోడి పచ్చడి అని చెప్పకుండా గోంగూరలో కలిపి తెచ్చినా, మూత తీసి వాసన చూసి వెనక్కి ఇచ్చేశారు. అక్కడి కస్టమ్స్‌లో దొరికితే మొత్తం పెట్టె పోయే అవకాశం ఉంది కాబట్టి ఆ పట్టుదల సరైనదే.

డల్లాస్‌లో రెండో లెక్క మొదలైంది. అమెరికా తపాలా సంస్థ సైనికుల కుటుంబాల కోసం ఒక పెద్ద ఫ్లాట్ రేటు పెట్టెను ఇస్తుంది. పెట్టె ఉచితం. సుమారు 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, ఐదున్నర అంగుళాల లోతు ఉంటుంది. ఇళ్లకు పంపే అదే కొలత పెట్టె కంటే ఒకటి రెండు డాలర్లు తక్కువకు శిబిరానికి వెళుతుంది. అందులో 70 పౌండ్ల వరకు, అంటే దాదాపు 32 కిలోల వరకు ఎంత బరువు పెట్టినా ధర మారదు. హన్మకొండ వారు తూకం, కొలత రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటే, అక్కడ ఇనుప గుండ్లు పెట్టినా గాలి పెట్టినా ఒకటే రేటు. మా సకినాలు ఈ రెండు పద్ధతుల్లోనూ నష్టమే, ఎందుకంటే ఇంత వెడల్పు, ఇంత తేలిక, మధ్యలో ఖాళీ ఉన్న వంట మరొకటి లేదు. అరచేతికంటే పెద్దగా, నాలుగు చుట్లతో చేసిన సకినం ఆ పెట్టెలో వరుసకు రెండే పడతాయి, పక్కన మిగిలిన జాగాలో ఏదీ కుదురుకోదు. థర్మాకోల్ అంతా తీసి పారేసినా మూడు పెట్టెలు అయ్యాయి. మన రూపాయల్లో ఆరున్నర వేలు. మొత్తం మీద మూడున్నర వేల రూపాయల సరుకు దాదాపు పదహారు వేల ఖర్చుతో కొరియా చేరింది. చేరేసరికి సంక్రాంతి దాటి పది రోజులైంది, సగం సకినాలు పొడి అయ్యాయి. "కాకా, పెరుగులో కలుపుకుని తింటున్నాను" అని ఫోన్ చేశాడు.

ఆలస్యానికి దుకాణం కారణం కాదు. డిసెంబర్ మొదటి పదిహేను రోజుల్లో క్రిస్మస్ పెట్టెలన్నీ అదే దారిలో శిబిరాలకు వెళతాయి, తపాలా సంస్థ ప్రతి ఏటా ఫలానా తేదీ లోపల వేయమని ముందే ప్రకటిస్తుంది. మన సంక్రాంతి పెట్టె ఆ గుంపు వెనుక నిలబడుతుంది.

2025లో ఈ దారి మరింత ఇరుకైంది. చిన్న పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తివేయడంతో, మన తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్లను నిలిపివేసి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. వంద డాలర్ల లోపు కానుకలకు మినహాయింపు మిగిలింది కానీ, ఈ గందరగోళం పేరు చెప్పి దుకాణం వారు కిలో రేటును 780కి పెంచారు. అరవై రూపాయల పెంపు సబబేనా కాదా అన్నది నేను తేల్చలేను. రేటు పెరిగినా ఈసారి నా బిల్లు తగ్గింది.

తగ్గించింది మా వదిన. ఫ్లాట్ రేటు పెట్టె కొలతలు కాగితం మీద రాసి ఇస్తే, ఆమె 12 అంగుళాల చదరాన్ని నేల మీద సుద్దతో గీసి, లోపల గాజులు పేర్చి చూసింది. మూడున్నర అంగుళాల సకినమైతే వరుసకు మూడు, మొత్తం తొమ్మిది దొంతరలు, చుట్టూ అంగుళం లోపు మెత్తటి కాగితానికి చోటు. కొత్త బియ్యం నానబోసి పట్టించిన పిండిలో నువ్వులు, వాము కలిపి, తడి బట్ట మీద నాలుగు చుట్లకు బదులు మూడు చుట్లే తిప్పి, ప్రతి పదింటికీ ఒకసారి స్కేలు పెట్టి కొలిచింది. దొంతరకు పదకొండు చొప్పున తొంభైతొమ్మిది పట్టాయి. సంక్రాంతి పేరంటానికి చేసే సకినాలను చుట్లతో లెక్కించే ఆవిడ, అంగుళాల్లో లెక్కించడం అదే మొదటిసారి. రెండో పెట్టె కొలతకు బరువైనవన్నీ సర్దాం: అరిసెలు, నువ్వుల ఉండలు, తొక్కులు, పొడులు.

ఆ రెంటినీ ఇంట్లోనే ఒక అట్టపెట్టెలో బిగించి, నవంబర్ నెలాఖరుకు కాకపోయినా డిసెంబర్ రెండో తేదీకల్లా దుకాణానికి తీసుకెళ్లాను. వారి పెట్టె వద్దన్నాను. ఆ అబ్బాయి కొంచెం మొహమాటపడ్డాడు కానీ, పచ్చళ్ల కవర్లు మాత్రం తీసి, సీళ్లు చూసి, మళ్లీ సర్దాడు, దానికి డబ్బు తీసుకోలేదు. టేపు పెట్టి నా ముందే కొలవమన్నాను. 33, 33, 30. లెక్క కడితే 6.53. తూకంలో 6.8. రెండూ ఏడు కిలోల్లోనే పడ్డాయి. ఎఫ్‌డీఏ రుసుము మాట ఎత్తగానే, ఇంట్లో చేసినవని ఇన్వాయిస్ మీద రాసి, నా సంతకం తీసుకుని, ఆ 500 తీసేశారు. పోయిన ఏడాదివి తిరిగి ఇవ్వమంటే యజమాని నవ్వి ఊరుకున్నాడు. 5,460 రూపాయలు, జీఎస్టీతో 6,443.

డల్లాస్‌లో మా అమ్మాయికి పని పది నిమిషాల్లో అయిపోయింది. కస్టమ్స్ పత్రంలో స్నాక్స్ అని ఒక్క మాట రాస్తే ఒప్పుకోరు కాబట్టి, నువ్వులతో చేసిన బియ్యపు వంటకం, బెల్లపు అప్పాలు, మామిడి, అల్లం పచ్చళ్లు అని విడివిడిగా, విలువతో రాసింది. రెండు పెట్టెలకు ఐదు వేల లోపే అయింది. అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర, అంటే ముందటి ఏడాది కంటే దాదాపు ఐదు వేలు తక్కువ. సంక్రాంతికి నాలుగు రోజుల ముందే చేరాయి. తొంభైతొమ్మిదింటిలో పదిహేడు విరిగాయని మావాడు లెక్కపెట్టి మరీ చెప్పాడు.

ఇదే దుకాణానికి వెళ్లమని ఎవరైనా అడిగితే వెళ్లమనే చెబుతాను, పచ్చళ్ల సీలు కోసమైనా. పెట్టె మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఆదివారం సాయంత్రం వెళ్లకండి, కాజీపేట, పరకాల వైపు నుంచి వచ్చేవారంతా అప్పుడే వస్తారు, ఆ రద్దీలో ఎవరూ టేపు తీసి కొలవరు.