ఓడుతున్న జట్టుకు కెప్టెన్: మొనగాడా, పెద్దమనిషా?

గువాహటిలో దక్షిణాఫ్రికా చేతిలో మనవాళ్లు 408 పరుగుల తేడాతో ఓడిన దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న ఎదురవుతోంది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుదామని ఆగితే చాలు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. "అన్నా, నువ్వు చెప్పు, కెప్టెన్ ఎవరుంటే మంచిగుంటది?" ఆదివారం మ్యాచులకు అంపైరుగా నిలబడి నిలబడి కాళ్లు అరిగినవాణ్ని కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని వాళ్ల నమ్మకం. 2024లో న్యూజిలాండ్ వచ్చి 3-0, 2025లో దక్షిణాఫ్రికా వచ్చి 2-0. సొంత గడ్డ మీద ఇలా రెండుసార్లు తుడిచిపెట్టుకుపోయాక ఎవరైనా అడుగుతారు మరి.

పేర్లు పక్కన పెడితే తేల్చాల్సింది ఒక్కటే. వరుసగా ఓడుతున్న టెస్టు జట్టు పగ్గాలు అందరికంటే బాగా ఆడేవాడికి ఇవ్వాలా, ఆటలో ఒక మెట్టు కిందున్నా మనుషుల్ని నిలబెట్టగలిగే పెద్దమనిషికి ఇవ్వాలా? గెలిచే జట్టు సంగతి నేను మాట్లాడట్లేదు. దానికి టాస్ వేయడానికి ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

ముందు మొనగాడి వైపు నుంచి చూద్దాం. అతని చోటు గురించి ఎవరూ మాట్లాడలేరు. పేపర్లో, టీవీలో "ముందు నీ పరుగులు చూసుకో" అనే మాట రాదు. ఇందుకు అందరికంటే పెద్ద సాక్ష్యం అలన్ బోర్డర్. 1984లో కిమ్ హ్యూస్ విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకుని తప్పుకున్నాక ఆస్ట్రేలియా పగ్గాలు బోర్డర్ చేతికొచ్చాయి. జట్టులో అప్పుడు అతనే పెద్ద దిక్కు. 1985లో ఇంగ్లండ్ వెళ్లి, ఆ రెండు జట్ల మధ్య జరిగే యాషెస్ సిరీస్ 3-1తో ఓడాడు. 1986-87లో సొంతూళ్లోనే 2-1తో ఓడాడు. 1989లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లి 4-0తో గెలిచి వచ్చాడు. మొత్తం 93 టెస్టులకు కెప్టెన్‌గా ఉన్నాడు. మన శుభ్‌మన్ గిల్ సంగతీ చెప్పుకోవాలి. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో కొత్త కెప్టెన్‌గా వెళ్లి 754 పరుగులు చేశాడు, సిరీస్ 2-2తో సమం చేసుకొచ్చాడు. బరువు మీద పడితే ఆట ఇంకా పదునెక్కేవాళ్లు కూడా ఉంటారు.

అయితే బోర్డర్ కథలో జనం మరిచిపోయేది ఆ మధ్య సంవత్సరాలు. నాలుగేళ్లకు పైగా ఆగారు అతని కోసం. మన దగ్గర నాలుగు నెలలు ఆగితే గొప్ప.

ఇప్పుడు అటువైపు. 1999-2000లో సచిన్ కెప్టెన్‌గా ఆస్ట్రేలియా వెళ్లాడు. సిరీస్ 3-0తో పోయింది. మ్యాన్ ఆఫ్ ద సిరీస్ మాత్రం సచినే! ఓడిన జట్టు కెప్టెన్‌కు ఆ బహుమతి ఇవ్వడంలోనే కథంతా ఉంది. తన పని తాను ఎవరికీ తీసిపోకుండా చేశాడు, పక్కవాళ్లు మాత్రం లేవలేదు. అంతకుముందు 1997లో, అతని కెప్టెన్సీలోనే, వెస్టిండీస్‌లోని బ్రిడ్జిటౌన్‌లో 120 కొడితే చాలు, 81కే కుప్పకూలాం. మొత్తం 25 టెస్టుల్లో గెలిచినవి నాలుగు. ఇంగ్లండ్ కెప్టెన్ జో రూట్‌దీ అదే దారి. బ్యాట్‌తో పరుగులు వస్తూనే ఉన్నాయి, కెప్టెన్‌గా చివరి 17 టెస్టుల్లో గెలిచింది ఒక్కటి. 2022లో దిగిపోయాడు. ఆ తర్వాతి టెస్టే కొత్త కెప్టెన్ బెన్ స్టోక్స్ కింద లార్డ్స్‌లో ఆడి 115 నాటౌట్‌తో మ్యాచ్ గెలిపించాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అసలే ఓడుతున్న జట్టులో ఆడే ఒక్కణ్ని కూడా కెప్టెన్సీ కింద నలిపేయడం ఎందుకన్నది నా అనుమానం.

నా లెక్కలో వీటన్నిటికంటే పెద్ద సంగతి వేరే ఉంది. మెంటల్ స్ట్రెంత్ అంటే మనవాళ్లకు విరిగిన వేలితో బ్యాటింగ్‌కు దిగడం, బౌన్సర్ తగిలినా ముఖం తుడుచుకుని నిలబడడం. అది మొండితనం. మంచిదే, అందరికీ ఉండాలి. కెప్టెన్‌కు కావలసిన నిబ్బరం అది కాదు. టీ20లో తప్పు చేస్తే మూడు గంటల్లో ఆట అయిపోతుంది, ఇంటికి పోతాం. టెస్టులో సెషన్ చెడిపోయాక రాత్రంతా హోటల్ గదిలో దాంతోనే పడుకోవాలి, పొద్దున్నే మళ్లీ అదే స్కోరుబోర్డు ముందు నిలబడాలి. అలాంటి రాత్రులు నాలుగు. ఆ జట్టులో పదకొండు మందికీ ఎవరి భయం వాళ్లకు ఉంటుంది. తన సున్నాను తాను మరిచిపోయి, పక్కవాడి భయాన్ని దించగలడా లేదా? కెప్టెన్‌లో నేను చూసేది ఇదొక్కటే.

ఇది నాకు కళ్లారా అర్థమైంది ఉప్పల్‌లో. 2024 జనవరి 28, ఆదివారం. పొద్దున్నే నల్గొండలో బస్సెక్కి ఎల్బీ నగర్ దిగి, అక్కణ్నుంచి స్టేడియానికి వెళ్లాం. మొదటి ఇన్నింగ్స్‌లో మనకు 190 పరుగుల ఆధిక్యం, సాయంత్రానికి పండగేనని మాలో ఒకడు ముందే బిర్యానీకి చందా కూడా వసూలు చేశాడు. ఇంగ్లండ్ తరఫున టామ్ హార్ట్‌లీకి అది మొదటి టెస్టు. అంతకు మూడు రోజుల ముందు టెస్టుల్లో అతను వేసిన తొలి బంతినే జైస్వాల్ సిక్స్ కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో అతని లెక్క 131 పరుగులకు 2 వికెట్లు. మా ఆదివారం మ్యాచుల్లో ఇలాంటివాడికి రెండు ఓవర్లు ఇచ్చి బౌండరీ దగ్గరకు తోలేస్తాం, మళ్లీ బంతి చేతికివ్వం. స్టోక్స్ మాత్రం అతనికి బంతి ఇస్తూనే పోయాడు. వాళ్ల బ్యాటర్ పోప్ 196 కొట్టి మనకు 231 లక్ష్యం పెట్టాక, అదే హార్ట్‌లీ 62 పరుగులకు 7 వికెట్లు తీశాడు. చివర్లో మన సిరాజ్ ముందుకొచ్చి స్టంపౌట్ అయ్యాడు. 28 పరుగులతో పోయింది మ్యాచ్. ఆ రెండో ఇన్నింగ్స్‌లో స్టోక్స్ చేసింది 6 పరుగులు, మోకాలి వల్ల మ్యాచ్ మొత్తంలో ఒక్క బంతీ వేయలేదు. అయినా జడేజాను నేరుగా వికెట్లకు కొట్టి రనౌట్ చేశాడు. తన 6 గురించి తలచుకుంటున్న మనిషిలా లేడు. బిర్యానీ తిన్నాం గానీ ఎవరూ మాట్లాడలేదు.

ఇదే తీరు 1981లో ఇంగ్లండ్‌లోని హెడింగ్లీలో ఆస్ట్రేలియాతో ఆడిన టెస్టులోనూ కనిపిస్తుంది. బోథమ్ ఇంగ్లండ్ కెప్టెన్‌గా 12 టెస్టులాడి ఒక్కటీ గెలవలేదు, లార్డ్స్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నా చుట్టి దిగిపోయాడు. వచ్చింది మైక్ బ్రియర్లీ. టెస్టుల్లో ఒక్క సెంచరీ లేనివాడు, సగటు 23 కూడా దాటనివాడు. బోథమ్ భుజాల మీది బరువు దిగింది, ఫాలో ఆన్‌లో, అంటే బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సొచ్చినప్పుడు, 149 నాటౌట్. అది అందరికీ తెలిసిందే. నాకు నచ్చేది ఆఖరి రోజు సంగతి. ఆస్ట్రేలియాకు కావలసింది 130. ఒక వికెట్‌కు 56 దాకా వచ్చేసింది. ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ బాబ్ విల్లిస్‌ను నోబాల్స్ గోల పీడిస్తోంది. బ్రియర్లీ అతని ఎండ్ మార్చి, నోబాల్ పడితే పడనీ, వేగంగా, సూటిగా వేయమన్నాడు. విల్లిస్ 43 పరుగులకు 8 వికెట్లు, ఆస్ట్రేలియా 111 ఆలౌట్. ఒక మనిషి తలలోంచి ఒక భయం తీసేశాడు, అంతే.

2020లో ఆస్ట్రేలియాలో మనం 36కే ఆలౌటయ్యాక పగ్గాలు అందుకున్న రహానే చేసిందీ ఇదే. మెల్‌బోర్న్‌లో 112 మీదున్నప్పుడు జడేజాతో పరుగు తడబడి రనౌట్ అయ్యాడు. ఎవరైనా బ్యాట్ నేలకేసి కొడతారు. ఇతను జడేజా దగ్గరికి నడిచి, భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ మ్యాచ్‌లోనే తొలి టెస్టు ఆడిన సిరాజ్, మూడు వారాలయ్యాక బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు.

స్టోక్స్ మొనగాడే కదా అంటారు. నిజమే, అందుకే నా గీత అంత సూటిగా లేదు. పెద్దమనిషి దారిలో గుంతలూ తక్కువ కాదు. పరుగులు రాని కెప్టెన్ ఉంటే జట్టు పదిమందితో ఆడుతున్నట్టే. 2024-25లో ఆస్ట్రేలియాలో మన కెప్టెన్ రోహిత్ మూడు టెస్టుల్లో చేసింది 31 పరుగులు. చివరికి సిడ్నీలో తనను తానే పక్కన పెట్టుకున్నాడు. అలా తప్పుకోవడానికీ గుండె కావాలి, కాని జట్టుకు అప్పటికే ఆలస్యమైంది. అయినా రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను పెద్దమనిషి వైపే, ఐదో ఆరో నంబర్లో నలభై సగటు ఉంటే చాలు. మన హైదరాబాద్ జట్టు పద్ధతి కూడా అదేగా. ఇండియా కెప్టెన్ పటౌడీ ఇక్కడికొచ్చి రంజీలో జైసింహ కెప్టెన్సీ కింద ఆడేవాడు. జైసింహకు ఇండియా కెప్టెన్సీ ఎప్పుడూ దక్కలేదు, పటౌడీకేమీ చిన్నతనం అనిపించలేదు.

బౌలర్‌ను పెడితే? ఆస్ట్రేలియాకు కమిన్స్ ఉన్నాడు, ఆ 2024-25 సిరీస్‌లోనే పెర్త్‌లో బుమ్రా కెప్టెన్‌గా 295 పరుగులతో గెలిపించాడు. కాని సిడ్నీలో అదే బుమ్రా నడుము పట్టేసి రెండో ఇన్నింగ్స్‌లో బంతి పట్టలేకపోయాడు. ఇక ఓడిన ప్రతిసారీ మార్చడం అంటారా, 1988లో ఇంగ్లండ్ ఒక్క వెస్టిండీస్ సిరీస్‌లోనే నలుగురిని మార్చి 4-0తో ఓడింది. దాని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇదంతా నాకు ఇంత పట్టడానికి ఇంకో కారణం ఉంది. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆడే మా జట్టు వరుసగా ఆరు ఓడింది. ఓపెనర్ మా మొనగాడు, ఆరింటికీ అతనే కెప్టెన్. పోయిన నెల అతణ్ని ఒప్పించి, మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే మా వికెట్ కీపర్‌కు ఇచ్చాం. ఒప్పించడానికి మూడు చాయ్‌లు, ఒక అలక పట్టింది. మొదటి మ్యాచ్ ఓడాం. పాత కెప్టెన్ స్లిప్పులో నిలబడి ఫీల్డింగ్ మార్చమని సైగలు చేస్తూనే ఉన్నాడు. కీపర్ రెండుసార్లు విన్నాడు, మూడోసారి నవ్వి ఊరుకున్నాడు. వచ్చే ఆదివారం నకిరేకల్ వాళ్లతో మ్యాచ్.